మలుపులో వేలాడే వస్తువు: స్వేచ్ఛా వస్తు పట రచనలో కర్త, దృష్టికోణం

వ్యాససంగ్రహం:

మలుపు తిరుగుతున్న వాహనంలో దారానికి వేలాడే వస్తువు పక్కకు ఒరగడం అందరికీ తెలిసిన అనుభవం. ఈ దృశ్యానికి బలాల పటం గీయమన్నప్పుడు మాత్రం విద్యార్థులు తరచుగా ఒకే పొరపాటు చేస్తారు. లోపలికి ఒక 'అభికేంద్ర బలం', బయటికి ఒక 'అపకేంద్ర బలం' గీసి, రెండూ సమానమని రాస్తారు. ఈ పొరపాటుకు గణితం రాకపోవడం ఒక్కటే కారణం కాదు. పటంలోని ప్రతి బాణమూ ఒక వాక్యమని, ఆ వాక్యానికి కర్త ఉండాలని, ఆ వాక్యాన్ని చెప్పే పరిశీలకుడు ఒక్కడే అయి ఉండాలని గుర్తించకపోవడం మరొక ముఖ్య కారణం. ఈ పటాన్ని సరిగా గీసే క్రమాన్ని వివరించడం, అందులో తెలుగు పరిభాష, వాక్యనిర్మాణం ఎక్కడ తోడ్పడతాయో ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్వేచ్ఛా వస్తు పటం, అభికేంద్ర బలం, అపకేంద్ర బలం, తన్యత, నిర్దేశ చట్రం, కర్త, కర్మణి వాక్యం, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం:

శాస్త్ర పరిభాష గురించి తెలుగులో జరిగిన చర్చ ఎక్కువగా పదాల చుట్టూ తిరిగింది. సంస్కృత సమాసాలు కావాలా, అచ్చతెలుగు పదాలు కావాలా, ఆంగ్ల పదాలనే తెలుగు లిపిలో ఉంచుకోవాలా అన్నవే ప్రధాన ప్రశ్నలయ్యాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాల ద్వారా, పాఠ్యగ్రంథాల ద్వారా ఈ రంగంలో చేసిన కృషి విలువైనది. బలం, త్వరణం, ద్రవ్యరాశి, తన్యత, జడత్వం వంటి మాటలు ఇప్పుడు తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంటి మాటలే. అయితే పదం స్థిరపడినంత మాత్రాన భావం స్థిరపడదు. ఆ పదం ఎలాంటి వాక్యంలో కూర్చుంటున్నదో కూడా చూడాలి. ఈ రెండో ప్రశ్నకు మన చర్చలో దక్కిన చోటు తక్కువ.

ఈ వ్యాసకర్త ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమంలో చదివినప్పుడు జవాబుపత్రంలో ఇలాంటి వాక్యం రాసిన జ్ఞాపకం ఉంది: "లోపలికి అభికేంద్ర బలం, బయటికి అపకేంద్ర బలం సమానంగా పనిచేయడం వల్ల వస్తువు వృత్తంలో తిరుగుతుంది." వాక్యం వినడానికి ఇంపుగా ఉంది. అందులో సమతూకం ఉంది, వ్యాకరణ దోషం లేదు. అర్థం మాత్రం తప్పు. రెండు బలాలు సమానంగా, ఎదురెదురుగా పనిచేస్తే ఫలిత బలం శూన్యం. ఫలిత బలం శూన్యమైతే, న్యూటన్ మొదటి నియమం ప్రకారం, కదులుతున్న వస్తువు సరళరేఖలో సాగిపోవాలి. అది వృత్తంలో తిరగకూడదు. అంటే ఆ వాక్యం తాను వివరించదలచిన విషయాన్నే కాదంటున్నది. ఇంత స్పష్టమైన వైరుధ్యం వాక్యం నున్నదనం వెనుక ఎలా దాగింది అన్న ప్రశ్నే ఈ వ్యాసానికి ప్రేరణ.

2. పరిశీలనకు తీసుకున్న సందర్భం:

తిరుమల ఘాట్ రోడ్డులో గాని, మరే కొండదారిలో గాని బస్సెక్కినవారికి ఈ దృశ్యం పరిచితమే. డ్రైవరు ముందు పైకడ్డీకి కట్టిన చిన్న బొమ్మ, బస్సు తిన్నగా ఒకే వడితో వెళ్తున్నంతసేపూ నిట్టనిలువుగా వేలాడుతుంది. బస్సు ఎడమకు తిరిగితే బొమ్మ కుడివైపుకు ఒరుగుతుంది. కుడికి తిరిగితే ఎడమవైపుకు ఒరుగుతుంది. మలుపు దాటాక కొంతసేపు ఊగి మళ్లీ నిలువుగా నిలుస్తుంది.

లెక్క సులువుగా ఉండేందుకు కొన్ని విలువలు అనుకుందాం. బొమ్మ ద్రవ్యరాశి 100 గ్రాములు. దారం పొడవు 30 సెంటీమీటర్లు, దారం బరువు లెక్కలోకి రానంత తక్కువ. బస్సు కిటికీలు మూసి ఉన్నాయి, కాబట్టి బయటి గాలి ప్రమేయం లేదు. రోడ్డు చదునుగా ఉంది. బస్సు 50 మీటర్ల వ్యాసార్థం గల వృత్తాకార మలుపులో గంటకు 36 కిలోమీటర్ల, అనగా సెకనుకు 10 మీటర్ల స్థిరమైన వడితో ఎడమకు తిరుగుతున్నది. బొమ్మ కాసేపు ఊగి, ఒక కోణంలో నిలకడగా నిలిచిన తరువాతి స్థితికి పటం గీయాలి.

నిలకడ గురించి ఒక మాట. 30 సెంటీమీటర్ల లోలకం ఒక పూర్తి ఊపుకు సుమారు 1.1 సెకన్లు తీసుకుంటుంది. ఈ మలుపులో పావు వృత్తం అంటే సుమారు 78.5 మీటర్ల దారి. దాన్ని దాటడానికి దాదాపు 8 సెకన్లు పడుతుంది. కాబట్టి బొమ్మకు ఏడుసార్లు ఊగేంత వ్యవధి దొరుకుతుంది. బస్సు ఒక్కసారిగా మలుపులోకి ప్రవేశిస్తే బొమ్మ మొదట నిలకడ కోణానికి దాదాపు రెట్టింపు కోణం వరకు వెళ్లి, వెనక్కి వచ్చి, క్రమంగా మధ్యస్థానంలో కుదురుకుంటుంది. ప్రయాణికుడికి మొదటి పెద్ద ఊపే గుర్తుండిపోతుంది. మనం గీసే పటం ఆ ఊపుకు కాదు, తరువాతి నిలకడకు.

3. బాణం ఒక వాక్యం: కర్తృపరీక్ష:

స్వేచ్ఛా వస్తు పటం అంటే ఒకే ఒక వస్తువును దాని పరిసరాల నుంచి విడదీసి, దానిపై ఇతర వస్తువులు ప్రయోగించే బలాలను మాత్రమే బాణాలతో చూపే పటం. ఈ నిర్వచనంలో రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, బలం ఈ వస్తువుపై పనిచేయాలి. ఈ వస్తువు ఇతరులపై చూపే బలానికి ఇక్కడ చోటు లేదు. రెండవది, ఆ బలాన్ని ప్రయోగించే వస్తువు ఒకటి వేరే ఉండాలి.

తెలుగు వ్యాకరణం చదివినవారికి ఈ షరతులు కొత్తవి కావు. ప్రతి బాణాన్నీ "ఫలానాది బొమ్మను లాగుతున్నది" లేదా "ఫలానాది బొమ్మను నెట్టుతున్నది" అనే సకర్మక వాక్యంగా విప్పవచ్చు. ప్రయోగించేది కర్త, బొమ్మ కర్మ. కర్త స్థానంలో చేతితో చూపించగల ఒక వస్తువు పేరు రాయగలిగితేనే ఆ బాణానికి పటంలో చోటు. దీనిని ఈ వ్యాసంలో 'కర్తృపరీక్ష' అంటున్నాను. భౌతికశాస్త్ర బోధకులు ప్రతి బలానికీ "ఎవరు? దేనిపై?" అని అడగమని చెప్పే సూత్రమే ఇది. మన వ్యాకరణ పరిభాషలో అది సహజంగా ఇమిడిపోతుంది.

కర్తలను వెతకడానికి ఒక క్రమం ఉంది. తాకకుండా పనిచేసే బలాలలో ఇక్కడ లెక్కించవలసినది ఒక్కటే, గురుత్వాకర్షణ. దాని కర్త భూమి. మిగిలినవన్నీ స్పర్శబలాలే. కనుక "బొమ్మను తాకుతున్నవి ఏవి?" అని అడగాలి. దారం తాకుతున్నది. బస్సు తాకడం లేదు. డ్రైవరు తాకడం లేదు. రోడ్డు తాకడం లేదు. చుట్టూ ఉన్న గాలి తాకుతున్నది గాని, 100 గ్రాముల బొమ్మ విషయంలో దాని ప్రభావం స్వల్పం కనుక వదిలేయవచ్చు. అంటే కర్తలు ఇద్దరే: భూమి, దారం.

4. రోడ్డు పక్కన నిలబడినవాని పటం:

రోడ్డు పక్కన నిలబడి బస్సును వెనుకనుంచి చూస్తున్న పరిశీలకుణ్ణి ఊహించుకుందాం. అతని పటంలో బొమ్మను ఒక చుక్కగా గుర్తించాలి. ఆ చుక్క నుంచి నిట్టనిలువుగా కిందికి ఒక బాణం: భూమి బొమ్మను లాగుతున్నది. ఇది భారం. దాని విలువ 0.1 కిలోగ్రామును 9.8తో గుణించగా వచ్చే 0.98 న్యూటన్లు. అదే చుక్క నుంచి దారం వెంట, పైకడ్డీ వైపుకు రెండో బాణం: దారం బొమ్మను లాగుతున్నది. ఇది తన్యత. బొమ్మ కుడికి ఒరిగి ఉంది కాబట్టి, బొమ్మ దగ్గరి నుంచి చూస్తే దారం పైకీ ఎడమకూ సాగుతుంది. అందువల్ల తన్యత బాణం కూడా పైకీ ఎడమకూ వాలి ఉంటుంది. మలుపు కేంద్రం ఉన్నది కూడా ఎడమవైపే.

పటం ఇంతటితో పూర్తయింది. రెండే బాణాలు. బొమ్మ కుడికి ఒరిగింది కనుక కుడివైపు ఏదో ఒక బాణం ఉండి తీరాలని మనసు తొందరపెడుతుంది. కాని కర్తృపరీక్షలో నెగ్గే మూడో వాక్యం లేదు.

ఈ రెండు బాణాలను కూడాలి. తన్యతను నిలువు అంశంగా, క్షితిజ సమాంతర అంశంగా విడదీద్దాం. బొమ్మ పైకీ కిందికీ త్వరణం పొందడం లేదు కాబట్టి తన్యత నిలువు అంశం భారానికి సమానం, 0.98 న్యూటన్లు. క్షితిజ సమాంతర అంశానికి ఎదురు ఏదీ లేదు. అదే ఫలిత బలం. అది కేంద్రం వైపుకు ఉంది. వృత్తంలో తిరిగే వస్తువుకు కేంద్రం వైపు ఉండవలసిన త్వరణం, వడి వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే వస్తుంది. ఇక్కడ 100ను 50తో భాగించగా సెకనుకు సెకనుకు 2 మీటర్లు. దానిని ద్రవ్యరాశితో గుణిస్తే 0.2 న్యూటన్లు. తన్యత క్షితిజ సమాంతర అంశం ఇంతే ఉండాలి.

0.2ను 0.98తో భాగిస్తే 0.204. ఇది దారం నిలువు గీతతో చేసే కోణపు టాంజెంట్ విలువ. కోణం సుమారు 11.5 డిగ్రీలు. రెండు అంశాల వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే తన్యత దాదాపు 1.00 న్యూటన్. బొమ్మ తిన్నగా వేలాడినప్పటి తన్యత 0.98 న్యూటన్లు మాత్రమే. అంటే మలుపులో దారం కొంచెం గట్టిగా లాగుతున్నది, పక్కకు కూడా లాగుతున్నది.

ఈ ఫలితంలో ద్రవ్యరాశి కొట్టుకుపోతుంది. టాంజెంట్ విలువ వడి వర్గాన్ని, వ్యాసార్థాన్ని గురుత్వ త్వరణంతో గుణించగా వచ్చిన లబ్ధంతో భాగిస్తే వచ్చే విలువకు సమానం. 100 గ్రాముల బొమ్మ అయినా, కిలో బరువున్న సంచి అయినా ఒకే కోణంలో ఒరుగుతుంది. వడి పెరిగితే మాత్రం ఒరుగు త్వరగా పెరుగుతుంది. అదే మలుపులో వడి గంటకు 54 కిలోమీటర్లయితే, వడి ఒకటిన్నర రెట్లే పెరిగినా టాంజెంట్ విలువ 2.25 రెట్లై 0.459కి చేరుతుంది. కోణం 24.7 డిగ్రీలవుతుంది. ఆ విధంగా బొమ్మ మలుపు తీవ్రతను చూపే చిన్న కొలమానం.

ఇక్కడ నిలువు గీత అంటే నిజమైన నిలువు, ఒక తూకపు గుండు చూపే నిలువు. కిటికీ చట్రాన్ని నిలువుగా తీసుకోరాదు. మలుపులో బస్సు శరీరం తన స్ప్రింగులపై కొంచెం బయటివైపుకు వాలుతుంది. అలాగే రోడ్డుకు బయటి అంచును ఎత్తుగా కట్టిన చోట బస్సంతా లోపలికి వాలుతుంది. ఆ వాలు కోణం సరిగ్గా బొమ్మ ఒరుగు కోణానికి సమానమైతే, దారం బస్సు నేలకు లంబంగా కనిపిస్తుంది. లోపల కూర్చున్నవారికి బొమ్మ ఒరగనట్లే ఉంటుంది. మలుపులకు బయటి అంచు ఎత్తు పెంచడంలోని ఆంతర్యం ఇదే.

5. బస్సులో కూర్చున్నవాని పటం:

ఇప్పుడు పరిశీలకుణ్ణి బస్సులోకి తీసుకువద్దాం. అతనికి బొమ్మ కదలడం లేదు. ఒరిగి, నిశ్చలంగా ఉంది. నిశ్చలంగా ఉన్న వస్తువుపై ఫలిత బలం శూన్యం కావాలి. కాని భారం, తన్యత రెండే గీస్తే ఎడమవైపుకు 0.2 న్యూటన్లు మిగిలిపోతాయి. అతడు న్యూటన్ నియమాలను తన చట్రంలోనూ వాడుకోవాలంటే, బయటివైపుకు 0.2 న్యూటన్ల మూడో బాణాన్ని చేర్చుకోక తప్పదు. ఇదే అపకేంద్ర బలం. జడత్వ చట్రం కాని చోట, అనగా స్వయంగా త్వరణంలో ఉన్న చట్రంలో, లెక్క కుదరడానికి చేర్చే ఇలాంటి బలాలను 'మిథ్యా బలాలు' అంటారు.

ఈ మూడో బాణం కర్తృపరీక్షలో నిలవదు. దాని కర్త ఏ వస్తువూ కాదు. పరిశీలకుడు కూర్చున్న చట్రం తిరుగుతుండటమే దానికి కారణం. అయినా దానిని వాడటం తప్పు కాదు. కోణం 11.5 డిగ్రీలే వస్తుంది, తన్యత 1.00 న్యూటనే వస్తుంది. వాతావరణ గమనాలను లెక్కించేవారు భూమితో పాటు తిరిగే చట్రంలో ఇలాంటి బలాలను నిత్యం వాడుతారు. 'మిథ్య' అన్న మాటకు తెలుగు విద్యార్థి 'అబద్ధం' అని అర్థం చెప్పుకుంటే చిక్కు వస్తుంది. అద్వైత పరిభాషలో మిథ్య అంటే పూర్తిగా లేనిది కాదు, స్వతంత్రంగా ఉన్నదీ కాదు. ఒకానొక దృష్టిని ఆశ్రయించి ఉన్నది. ఆ అర్థంలో తీసుకుంటే పదం చాలా సరిపోతుంది.

కాబట్టి సరైన పటాలు రెండు. రోడ్డు పక్కవానిది రెండు బాణాల పటం, త్వరణం ఉన్న పటం. బస్సులోనివానిది మూడు బాణాల పటం, త్వరణం లేని పటం. దోషం ఎక్కడ వస్తుందంటే, మూడు బాణాలు గీసి, ఆ పక్కనే "బొమ్మ వృత్తంలో తిరుగుతున్నది" అని రాసినప్పుడు. బాణాలు లోపలివానివి, వాక్యం బయటివానిది. కథనశాస్త్రం చదివినవారు దీనిని వెంటనే గుర్తుపడతారు. ఉత్తమ పురుషలో నడుస్తున్న కథ మధ్యలో, ఆ పాత్రకు తెలిసే వీలు లేని సంగతి సర్వసాక్షి దృష్టికోణంలో చొరబడితే దానిని కథన దోషం అంటాం. ఉపోద్ఘాతంలో ప్రస్తావించిన నా జవాబులోని తప్పు సరిగ్గా ఇదే. అందులో సగం బస్సులోనివాడు మాట్లాడాడు, సగం రోడ్డు పక్కవాడు మాట్లాడాడు.

6. 'అభికేంద్ర', 'అపకేంద్ర': జంటపదాల చిక్కు:

ఈ రెండు పదాల చరిత్ర కూడా ఈ దృష్టిభేదాన్నే చెబుతున్నది. అపకేంద్ర బలానికి లాటిన్ మాటను వాడుకలోకి తెచ్చినవాడు డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్. 1659లో రాసిన తన రచనలో అతడు తిరిగే చక్రానికి అంటిపెట్టుకుని ఉన్న ఒక మనిషిని ఊహించాడు. ఆ మనిషి చేతిలోని దారానికి ఒక సీసపు గుండు కట్టి ఉంది. గుండు బయటికి పోజూస్తున్నట్లు అతని చేతికి తెలుస్తుంది. అంటే ఆ పదం పుట్టింది లోపలి మనిషి అనుభవం నుంచి. హైగెన్స్ ఆ సిద్ధాంతాలను 1673లో నిరూపణలు లేకుండా ప్రకటించాడు. పూర్తి రచన అతని మరణానంతరం 1703లో వెలువడింది. న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియాలో ఆ మాటకు జోడుగా, వ్యతిరేకార్థంలో అభికేంద్ర బలానికి పేరు పెట్టాడు. అక్కడ దృష్టి గ్రహాలను దూరం నుంచి చూసే పరిశీలకునిది.

లాటిన్ పదాలలో ఒకటి కేంద్రాన్ని వెతుక్కునేది, మరొకటి కేంద్రం నుంచి పారిపోయేది. తెలుగులోనూ హిందీలోనూ మనం వీటికి 'అభి', 'అప' ఉపసర్గలతో సంస్కృత సమాసాలు కూర్చుకున్నాం. రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వాటిని చూసిన విద్యార్థి వీటిని పగలు-రాత్రి, లాభం-నష్టం వంటి జంటగా గ్రహిస్తాడు. ఒకటి ఉన్నచోట రెండోది ఉండి తీరాలనుకుంటాడు. ఇంకొందరు మరో అడుగు ముందుకు వేసి వీటిని చర్య-ప్రతిచర్యలు అంటారు. అది కూడా కుదరదు. న్యూటన్ మూడో నియమంలోని చర్య, ప్రతిచర్య రెండు వేర్వేరు వస్తువులపై పనిచేస్తాయి. దారం బొమ్మను లాగడానికి ప్రతిచర్య, బొమ్మ దారాన్ని లాగడం. అది దారం పటంలోకి వెళ్తుంది, బొమ్మ పటంలోకి రాదు.

మరొక భేదం కూడా ఉంది. 'తన్యత', 'ఘర్షణ', 'భారం' అన్నవి బలాల పేర్లు. 'అభికేంద్ర బలం' అన్నది అలాంటి పేరు కాదు. అది ఒక పాత్ర. వ్యాకరణంలో 'రాముడు' నామవాచకం, 'కర్త' కారకం. రాముడు ఒక వాక్యంలో కర్త అవుతాడు, మరో వాక్యంలో కర్మ అవుతాడు. "వాక్యంలో రాముడు, కర్త అని ఇద్దరున్నారు" అని ఎవరైనా అంటే నవ్వుతాం. కాని పటంలో తన్యత గీసి, దాని పక్కనే అభికేంద్ర బలమంటూ మరో బాణం గీసినప్పుడు జరిగేది సరిగ్గా అదే. మన బొమ్మ విషయంలో అభికేంద్ర పాత్రను తన్యత క్షితిజ సమాంతర అంశం పోషిస్తున్నది. బస్సు విషయంలో ఆ పాత్ర టైర్లకూ రోడ్డుకూ మధ్య ఘర్షణది. చంద్రుని విషయంలో భూమి ఆకర్షణది. పాత్ర ఒకటే, పాత్రధారులు వేరు. పటంలో పాత్రధారులకే చోటు.

7. కర్త దాగిన వాక్యం: '-బడు' ప్రయోగం:

ఈ క్రింది రెండు వాక్యాలను పోల్చి చూద్దాం.

(అ) బస్సు మలుపు తిరిగినప్పుడు బొమ్మ బయటికి విసిరివేయబడుతుంది.
(ఆ) బస్సు మలుపు తిరిగినప్పుడు బొమ్మ బయటివైపుకు ఒరుగుతుంది.

మొదటిది పుస్తక భాష, రెండవది వాడుక భాష. 'విసిరివేయు' సకర్మక క్రియ. దానికి '-బడు' చేరి కర్మణి వాక్యం అయినప్పుడు కర్త వాక్యంలోంచి తప్పుకుంటాడే తప్ప అర్థంలోంచి తప్పుకోడు. విసిరివేయబడింది అంటే ఎవరో విసిరివేశారనే అర్థం. విద్యార్థి ఆ ఖాళీని పూరించడానికి ఒక కర్తను కల్పించుకుంటాడు. ఆ కల్పిత కర్తకు 'అపకేంద్ర బలం' అన్న పేరు సిద్ధంగా ఉంది. తరువాత అది పటంలో బాణమవుతుంది.

రెండో వాక్యంలోని 'ఒరుగు' అకర్మక క్రియ. ఒరిగించినవాడు ఒకడుండాలని అది కోరదు. స్థితిని మాత్రమే చెబుతుంది. "మలుపులో పక్కవాళ్ల మీదికి ఒరిగిపోయాం", "తూలిపడ్డాను" అని ప్రయాణికులు సహజంగా అంటారు. ఈ 'తూలిపడు'లోని 'పడు', కర్మణిలోని '-బడు' రెండింటికీ మూలం ఒకటే అయినా ప్రయోగాలు వేరు. తూలిపడినవాడిని ఎవరూ తోయనక్కరలేదు. రోడ్డు పక్కవాని దృష్టిలో జరిగేది కూడా సరిగ్గా ఇదే. బస్సు ఎడమకు తిరిగిన క్షణంలో బొమ్మ జడత్వం వల్ల తన దారిన తాను తిన్నగా సాగబోతుంది. పైకడ్డీ మాత్రం బస్సుతో పాటు ఎడమకు జరుగుతుంది. దారం వాలుతుంది. వాలిన దారం బొమ్మను ఎడమకు లాగడం మొదలుపెడుతుంది. బొమ్మ కుడికి ఒరగడం వెనుక కుడివైపు లాగినవారెవరూ లేరు. వాడుక వాక్యం పుస్తక వాక్యం కంటే ఇక్కడ శాస్త్రానికి దగ్గరగా ఉంది.

కర్మణి వాక్యాలన్నీ దోషభూయిష్ఠమని దీని అర్థం కాదు. "బొమ్మ దారం చేత లోపలికి లాగబడుతుంది" అన్న వాక్యం తెలుగు నుడికారానికి కొంత ఎబ్బెట్టుగా ఉన్నా, శాస్త్రపరంగా సరైనదే. ఎందుకంటే 'చేత' విభక్తితో కర్త కనిపిస్తున్నాడు. దోషం కర్మణిలో లేదు, 'చేత' లోపించడంలో ఉంది. ఇది తెలుగుకే ప్రత్యేకమైన దోషమూ కాదు. మలుపులో వస్తువులు బయటికి విసిరివేయబడతాయన్న వాక్యం ఆంగ్లంలోనూ అదే చిక్కు తెస్తుంది. కాకపోతే ఆంగ్లంలో కర్మణి వాడుక సహజం. తెలుగులో అది చాలావరకు అనువాదం వెంట వచ్చిన అలవాటు. అందువల్ల మనకు దానిని వదులుకోవడం తేలిక.

8. పరీక్షకు నిలబెట్టే మరొక వస్తువు:

"మలుపులో ప్రతి వస్తువూ బయటికి పోతుంది" అన్న నమ్మకాన్ని ఒక హీలియం బెలూన్ తలకిందులు చేస్తుంది. కిటికీలు మూసిన అదే బస్సులో, నేలకు దారంతో కట్టిన హీలియం బెలూన్ నిట్టనిలువుగా పైకి లేచి ఉందనుకుందాం. బస్సు ఎడమకు తిరిగితే బెలూన్ కుడికి కాదు, ఎడమకు ఒరుగుతుంది. కేంద్రం వైపుకు, అదే 11.5 డిగ్రీల కోణంలో.

కర్తృపరీక్ష ఇక్కడ కూడా దారి చూపుతుంది. బెలూన్‌ను తాకుతున్నవి ఏవి? దారం, గాలి. బొమ్మ విషయంలో వదిలేసిన గాలి ఇక్కడ ప్రధాన కర్త. బస్సుతో పాటు గాలి కూడా వృత్తంలో తిరగాలి కనుక, బయటివైపు గాలి పీడనం కొద్దిగా ఎక్కువగా, లోపలివైపు కొద్దిగా తక్కువగా ఏర్పడుతుంది. ఆ తేడా వల్ల గాలి బెలూన్‌ను పైకే కాక లోపలికి కూడా నెట్టుతుంది. బెలూన్ తేలిక కాబట్టి ఆ నెట్టుడు దానికి కావలసినదానికంటే ఎక్కువ. అది లోపలికి ఒరిగి, దారాన్ని బిగదీసి నిలుస్తుంది. బెలూన్‌పై బాణాలు మూడు: భూమి కిందికి లాగుతున్నది, దారం కిందికీ బయటికీ లాగుతున్నది, గాలి పైకీ లోపలికీ నెట్టుతున్నది. మూడింటికీ కర్తలున్నారు. బొమ్మ పటంలో అలవాటుగా బయటికి బాణం గీసినవారు ఇక్కడ కూడా అదే గీసి చిక్కుకుంటారు. కర్తలను వెతికినవారు రెండు పటాలనూ ఒకే పద్ధతిలో గీస్తారు.

9. బోధనకు సూచనలు:

పై చర్చ నుంచి తరగతి గదికి కొన్ని సూచనలు చేయవచ్చు.

• పటం గీయకముందే పరిశీలకుడు ఎక్కడున్నాడో ఒక వాక్యంలో రాయించాలి: "ఈ పటం రోడ్డు పక్కన నిలబడినవానిది." పరిశీలకుడు మారితే కొత్త పటం గీయించాలి.

• ప్రతి బాణం పక్కన దాని పేరుతో పాటు పూర్తి వాక్యం రాయించాలి: "దారం బొమ్మను లాగుతున్నది." మిథ్యా బలం గీయవలసి వస్తే వేరే రంగులో, "చట్రం తిరగడం వల్ల" అన్న వివరణతో గీయించాలి.

• అంశాలను చుక్కల గీతలతో మాత్రమే చూపించాలి. తన్యతనూ దాని రెండు అంశాలనూ గట్టి బాణాలతో గీస్తే ఒకే బలాన్ని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది.

• త్వరణం బాణాన్ని, వేగం బాణాన్ని పటానికి పక్కగా విడిగా చూపించాలి. అవి బలాలు కావు. బొమ్మ ముందుకు కదులుతున్నది కాబట్టి ముందుకు ఒక బలం ఉండాలన్న భ్రమ ఇక్కడే మొదలవుతుంది.

• అనువాదకులు, పాఠ్యరచయితలు '-బడు' వాడిన ప్రతిచోటా "ఎవరిచేత?" అని ప్రశ్నించుకోవాలి. జవాబు ఉంటే కర్తరి వాక్యం రాయవచ్చు. జవాబు లేకపోతే అకర్మక క్రియను ఎంచుకోవాలి.

ఈ సూచనలు కొలతలతో కూడిన తరగతి గది పరిశోధనపై ఆధారపడినవి కావు. ఒక దృశ్యాన్ని, దాని గురించి మనం రాసే వాక్యాలను పక్కపక్కన పెట్టి చేసిన విశ్లేషణ నుంచి వచ్చినవి. భౌతికశాస్త్ర, తెలుగు శాఖల అధ్యాపకులు కలిసి వీటిని తరగతిలో పరీక్షించవలసి ఉంది.

10. ముగింపు:

మలుపులో వేలాడే బొమ్మపై నిజంగా పనిచేసే బలాలు రెండు: భూమి లాగడం, దారం లాగడం. దారం వాలి ఉన్నందువల్లనే అది బొమ్మను కేంద్రం వైపుకు లాగగలుగుతున్నది. ఒరగడం బయటికి, బలం లోపలికి. మూడో బాణం బస్సులో కూర్చున్నవాని పటంలో మాత్రమే న్యాయమైనది, అక్కడ త్వరణం మాట ఎత్తనప్పుడే న్యాయమైనది.

ఈ చిన్న పటం గీయడానికి కావలసిన క్రమశిక్షణలో సగం గణితానిదైతే సగం భాషది. ఎవరు చెబుతున్నారు, కర్త ఎవరు, కర్మ ఏది అన్న ప్రశ్నలు తెలుగు తరగతిలో రోజూ అడిగేవే. శాస్త్ర పాఠాలు తెలుగులో ఉండాలా వద్దా అన్న వాదన సాగుతూనే ఉంటుంది. ఏ మాధ్యమంలో చదివినా, తెలుగు ఇంటి భాషగా గల విద్యార్థి బస్సులో ఒరిగిన బొమ్మను చూసి ముందుగా తెలుగులోనే అనుకుంటాడు. ఆ అనుకోలు 'ఒరిగింది' దగ్గర మొదలైతే అతడు సరైన పటానికి దగ్గరలో ఉన్నట్టే. దానిని 'విసిరివేయబడింది'గా దిద్దే పాఠాన్ని ముందుగా మనం దిద్దుకోవాలి.